ఇది ఉర్దూ కాదట

మొయినాబాద్, చేవెళ్ళ ఊళ్ళల్లో మా ఇండ్ల మాటను పక్కింటోళ్ళు ‘తురకం’ అంటరు. జనాభా లెక్కలోళ్ళు ‘ఉర్దూ’ అని రాసుకొని పోతరు. మేం మాట్లాడేది దక్కనీ. పట్నంలో ఉర్దూ చదివినోళ్ళ ముందు నోరు తెరిస్తే నవ్వులే. ‘నహీఁ’ అనాల్సిన చోట ‘నక్కో’ అంటమట, ‘హాఁ’ అనకుండ ‘హౌ’ అంటమట. సినిమాల్లో సరేసరి, మా యాస వినబడిందంటే నవ్వాల్సిన చోటొచ్చిందని గుర్తు.

‘నక్కో’ మరాఠీ నుంచి వచ్చి మా ఇంట్ల ఉండిపోయింది. ‘వస్తనని చెప్పిండు’ అనేదాన్ని మా అమ్మలు ‘ఆతుఁ బోల్కే బోల్యా’ అంటరు. ఆ ‘బోల్కే’ అచ్చంగా తెలుగు ‘అని’యే. ఉత్తరాది ఉర్దూ వాక్యాన్ని ఇట్ల కట్టదు. ఇంత తెలుగు తాగిన మాట పరాయిదెట్లయితది? అటు చూస్తే రైతు, తహశీలు, దస్తావేజు, పహాణీ అనకుండ చేవెళ్ళ కచేరీలో ఒక్క పనైనా అయితదా? నాలుగు వందల ఏండ్ల కింద కులీ కుతుబ్‌షా కవిత్వం చెప్పింది ఈ దక్కనీలోనే. పాదుషా నోట్లో ఉంటే కవిత్వం, మా నోట్లో ఉంటే మొరటు!

1918లో పెట్టిన ఉస్మానియాలో పెద్ద చదువులు ఉర్దూలోనే చెప్పిండ్రు. 1948 తర్వాత ఆ జాగాలో ఇంగ్లీషు కూచుంది. కొలువు ఇయ్యని రాత ఎందుకని మా నాయనలు మమ్మల్ని తెలుగు బడికి తోలిండ్రు. వాళ్ళ తప్పని అనలేం. మేం మా పిల్లల్ని ఇంగ్లీషు బడికి తోలినం. 2017లో ఉర్దూ తెలంగాణ అంతటా రెండో అధికార భాష అయింది. బోర్డుల మీద కనబడ్తది, చదివేటోళ్ళేరి? మసీదులో మా పిల్లలు ఖురాన్ అక్షరాలు కూడబలుక్కుంటరు. దాదాపు అవే అక్షరాల్లో ఉన్న తాత ఉత్తరం మాత్రం రాదు.

హైదరాబాదు మా చేన్ల దాకా పాకి భూములకు రేట్లొచ్చినంక ఇంటింటా ట్రంకుపెట్టెలు తెరుచుకున్నయ్. మా పెట్టెలో తాత కాగితం దొరికింది. అంతా గొలుసుకట్టు ఉర్దూ. పదకొండు మందిమి ఉన్నం, ఒక్కరికి రాలేదు. పట్నం పోయి ఒక ముసలి మున్షీకి పైసలిచ్చి చదివించుకున్నం. సర్వే నంబరు, నాలుగు హద్దులు సాఫుగనే చదివిండు. అడుగున తాత తన చేత్తో ఒక వరుస రాసుకున్నడు, బావికాడి చింతచెట్టు అమ్మలేదని. ‘ఇమ్లీ కా ఝాడ్ నైఁ బేచ్యా బోల్కే.’

మున్షీ అద్దాలు తీసి, ‘యే ఉర్దూ నహీఁ హై’ అన్నడు.

మా అమ్మ కాగితం మడిచి కొంగున కట్టుకుంటూ ‘హౌ’ అన్నది.