నంబరు చెప్పని బాపు

2025 అక్టోబరు 14తో విండోస్ 10కి సపోర్టు ఆగిపోతుందని తమ్ముడు చెప్పగానే, ఆదిలాబాద్‌లో బాపు ల్యాప్‌టాప్ దుకాణానికి పోయింది. పాతదంతా తీసేసి విండోస్ 11 వేసిచ్చారు. ఫైళ్లన్నీ భద్రంగానే ఉన్నాయి, బాపు సంతోషపడ్డాడు.

నాకే చిక్కొచ్చింది. అమ్మ పోయినప్పటి నుంచీ రోజూ రాత్రి అన్నాలయ్యాక, ఇక్కడ కరీంనగర్‌లో కూర్చుని బాపు కంప్యూటర్‌లోకి వెళ్తాను. తను పనిచేసిన బడుల ముచ్చట్లు టైపు చేసుకుంటాడాయన. అక్షరాలు పెద్దవి చేయడం, ఫైలు సేవ్ చేయడం, అంతే నా పని. కానీ తెర మీద ఆయన బాణం గుర్తు మెల్లగా కదులుతుంటే పక్కనే కూర్చున్నట్టుంటుంది. ఫోన్లో అయితే "తిన్నవా? తిన్న" దగ్గరే మాట అయిపోతుంది.

ఆ రాత్రి ఎంత కొట్టినా కనెక్షన్ కలవలేదు. విండోస్ మొదటి నుంచి వేస్తే ఆ సాఫ్ట్‌వేర్ కూడా పోతుందట. దుకాణం అబ్బాయి మళ్లీ వేశాడు గానీ, నంబరు మారింది, నేను పెట్టిన పాస్‌వర్డూ పోయింది.

"బాపూ, తెర మీద కొత్త నంబరుంటది, చదువు."

"నంబర్లు ఎవలకూ చెప్పొద్దన్నది నువ్వే గదా బిడ్డా."

"నేనే బాపూ!"

"గొంతు గూడ నమ్మద్దన్నవ్."

అన్నాను, నిజమే. గొంతులు అనుకరించి మోసం చేస్తున్నారని భయపెట్టి, 1930 నంబరు రాసిన కాగితం గోడకు అంటించి వచ్చింది నేనే. కోపమొచ్చింది. మరుక్షణం, ఈయన్ని ఎవరూ మోసం చేయలేరులే అని గుండె కుదుటపడింది కూడా.

"మరి ఎట్ల నమ్ముతవ్?"

కాసేపు ఆలోచించాడు. "మీ అమ్మ సకినాలల్ల ఏం ఎక్కువ ఏస్తుండె?"

"వాము. నీకు ఘాటైతుండె, గని అమ్మకు ఎన్నడు చెప్పకపోతుంటివి."

అటువైపు చాలాసేపు చప్పుడు లేదు. తర్వాత, పిల్లలకు ఎక్కాలు చెప్పినట్టు ఒక్కో అంకె చదివాడు.

మర్నాడు మళ్లీ కలవలేదు. ఈసారి ల్యాప్‌టాప్ నిద్రపోయిందంతే. ఛార్జరు పెట్టి ఉన్నంతసేపు స్లీప్ కాకుండా సెట్టింగుల్లో 'నెవర్' పెట్టాను. కొత్త పాస్‌వర్డ్ మాత్రం బాపే పెట్టాడు. ఏంటో మీకు చెప్పను లెండి.