వినపడుతోంది, అర్థం కావట్లేదు

హోమ్ థియేటర్ అనగానే మన హాస్టల్లో అందరికీ గుర్తొచ్చేది బేస్. కిటికీ అద్దాలు అదరాలి, పక్క రూమ్ వాళ్ళు వచ్చి తలుపు కొట్టాలి. నాకు కావాల్సింది వేరే. మా నాన్నకి సినిమాలో మాటలు అర్థం కావాలి. అంతే.

నాన్న గుంటూరు దగ్గర ఒక స్పిన్నింగ్ మిల్లులో 22 ఏళ్ళు పనిచేశారు. ఈమధ్య ఇంట్లో సినిమా చూస్తుంటే జోక్‌కి నవ్వరు, మేం నవ్వాక మమ్మల్ని చూసి నవ్వుతారు. వాడేమన్నాడో అమ్మ పక్కనుంచి చెప్తూ ఉంటుంది. కొన్నాళ్ళకి "మీరు చూడండి, నాకు నిద్రొస్తోంది" అని లోపలికి వెళ్ళిపోవడం మొదలుపెట్టారు. వాల్యూమ్ పెంచితే "ఎందుకమ్మా అంత గోల" అంటారు. ఒకసారి అడిగేశాను, అసలు వినపడుతోందా లేదా అని.

"వినపడుతోందమ్మా, అర్థం కావట్లేదు" అన్నారు.

ఆ రెండు మాటలకీ తేడా ఉంది. ఏళ్ళ తరబడి పెద్ద శబ్దంలో పనిచేసిన వాళ్ళకి ముందు తగ్గేది సాధారణంగా 4000 హెర్ట్జ్ దగ్గర్లోని వినికిడి. అచ్చుల బలమంతా తక్కువ ఫ్రీక్వెన్సీల్లో ఉంటుంది కాబట్టి అవి బాగానే వినపడతాయి. స, శ, త, క లాంటి హల్లుల గుర్తులు పైన ఉంటాయి. అందుకే ఎవరో మాట్లాడుతున్నారని తెలుస్తుంది గానీ, "పాత" అన్నారో "తాత" అన్నారో తెలీదు.

అన్నయ్య ఉద్యోగంలో చేరాక 60,000 పంపాడు. "నువ్వు కంప్యూటర్స్ కదా, నువ్వే చూడు" అన్నాడు. సీఎస్ఈ అంటే ఫ్యాన్ రిపేర్ కూడా వచ్చేయాలి మనవాళ్ళ లెక్కలో. సరే అని కోఠి గుజరాతీ గల్లీకి వెళ్ళాను. మొదటి షాపులోనే ఒక పెట్టె చూపించారు, దాని మీద పెద్ద అక్షరాలతో 1000 వాట్స్. ఎన్ని చానెళ్ళు కలిపి, ఎంత డిస్టార్షన్ దగ్గర కొలిచారు అని అడిగితే ఆయన నన్ను వదిలేసి, తోడొచ్చిన మా క్లాస్‌మేట్‌తో మాట్లాడటం మొదలుపెట్టారు. వాడికి ఓమ్‌కీ హోమ్‌కీ తేడా తెలీదు.

వాట్ల సంగతి మనమే లెక్క వేసుకోవచ్చు. స్పీకర్‌కి సెన్సిటివిటీ అని ఒక అంకె ఉంటుంది. 86 డెసిబెల్స్ అంటే ఒక వాట్ ఇస్తే మీటర్ దూరంలో 86 వస్తుంది. మా హాల్లో సోఫా మూడు మీటర్ల దూరం. దూరం రెట్టింపైన ప్రతిసారీ 6 డెసిబెల్స్ పోతాయి కాబట్టి అక్కడికి సుమారు 76 చేరుతుంది. మామూలుగా మనం మాట్లాడుకునేది 60, 65 మధ్య. అంటే మాటలు వినడానికి ఒక్క వాట్ కూడా అక్కర్లేదు! బాంబు పేలే సీన్ 95కి వెళ్ళాలంటే మాత్రం 70 వాట్లు దాకా కావాలి. ప్రతి 3 డెసిబెల్స్‌కీ పవర్ రెట్టింపు. అదే 89 సెన్సిటివిటీ ఉన్న స్పీకర్ కొంటే అందులో సగం చాలు. పెద్ద రిసీవర్ కొనే బదులు మంచి స్పీకర్ కొనడం ఎందుకు లాభమో అప్పుడు అర్థమైంది.

రెండోది ఓమ్స్. ఫస్ట్ ఇయర్ బేసిక్ ఎలక్ట్రికల్ క్లాసులో నిద్రపోని వాళ్ళకి తెలుసు: అదే వోల్టేజ్‌కి 8 ఓమ్స్ బదులు 4 ఓమ్స్ పెడితే కరెంట్ రెట్టింపవుతుంది. చిన్న రిసీవర్ వేడెక్కి తనంతట తనే ఆగిపోవచ్చు. అందుకని వెనక ప్యానెల్ మీద ఎన్ని ఓమ్స్ వరకు పర్లేదని రాశారో చూసి, 8 ఓమ్స్ స్పీకర్లే తీసుకోవాలనుకున్నాను.

మూడోది సెంటర్ స్పీకర్. 5.1 సినిమాలో మాటలు ఎక్కువగా దీనిలోంచే వస్తాయి. రిసీవర్‌లో దీని లెవెల్ ఒక్కటే పెంచుకోవచ్చు, మ్యూజిక్ పెరగదు. టీవీ సీరియల్ స్టీరియోలో వచ్చినా, రెండు వైపులా ఒకేలా ఉన్న శబ్దాన్ని విడదీసి సెంటర్‌కి పంపే మోడ్ ఉంటుంది. అందుకే ఎడమ, కుడి, సెంటర్ మూడూ ఒకే సిరీస్‌లో తీసుకున్నాను. లేకపోతే మనిషి తెర మీద నడుస్తుంటే గొంతు మారిపోతుంది. సబ్‌వూఫర్ తీసుకోలేదు. బేస్ గట్టిగా ఉంటే పైనున్న సన్నటి శబ్దాల్ని కప్పేస్తుంది, నాన్నకి ఉన్నవే కొన్ని హల్లులు.

కొనేముందు నాన్నతో ఒక మాట అన్నాను. "సెట్టింగ్ చేయాలంటే మీ చెవుల గ్రాఫ్ కావాలి, డాక్టర్ దగ్గర టెస్ట్ చేయించుకుందాం" అని. రెండేళ్ళుగా అమ్మ బతిమాలినా కదలని మనిషి, మెషిన్ కోసమంటే షర్ట్ వేసుకుని బయల్దేరారు. ఆడియోగ్రామ్ చూస్తే అచ్చం స్పీకర్ ఫ్రీక్వెన్సీ రెస్పాన్స్ లాగే ఉంది. 1000 దాకా దాదాపు సమంగా వెళ్ళి, 4000 దగ్గర గుంటలో పడింది. నాన్న ఆ కాగితాన్ని చాలాసేపు చూశారు. "మిల్లు ఇక్కడుందన్నమాట" అని ఆ గుంట మీద వేలు పెట్టారు.

ఇప్పుడు సెంటర్ స్పీకర్ టీవీ కింద, సోఫాలో కూర్చున్న మనిషి చెవుల వైపు కొంచెం పైకెత్తి ఉంది. లెవెల్ 3 డెసిబెల్స్ పెంచాను. పెద్ద శబ్దాల్ని తగ్గించి చిన్నవాటిని పెంచే నైట్ మోడ్ ఎప్పుడూ ఆన్‌లోనే. నాన్న సినిమా చివరిదాకా కూర్చుంటున్నారు. అన్నీ అర్థమవుతున్నాయని చెప్పను, అమ్మని ఇంకా అడుగుతారు, తక్కువసార్లు. రిసీవర్ హియరింగ్ ఎయిడ్ కాదు. అది ఆయన మాతో మాట్లాడేటప్పుడు, బజార్లో, ఫోన్లో పనికిరాదు. డాక్టర్ ఎయిడ్ పెట్టుకోమన్నారు, నాన్న "సంక్రాంతి వెళ్ళాక చూద్దాం" అంటున్నారు. నేను క్యాలెండర్‌లో రాసిపెట్టాను.

మీరెవరైనా ఇంటికి కొనాలనుకుంటే షాపులో వాళ్ళు పెట్టే ఫైట్ సీన్ విని డబ్బులివ్వకండి. ఇద్దరు మెల్లగా మాట్లాడుకునే సీన్ ఒకటి పెన్ డ్రైవ్‌లో తీసుకెళ్ళండి. వీలైతే ఎవరికోసం కొంటున్నారో వాళ్ళనీ తీసుకెళ్ళండి. వినపడిందా అని కాదు, వాడేమన్నాడు అని అడగండి.