నెల్లికుదురులో ఇంటి వైఫై: నమ్మకమైన రూటర్ ఎంపికపై ఒక పర్యటన కథనం

మహబూబాబాద్ జిల్లాలోని నెల్లికుదురు మండలం తొర్రూరుకు తూర్పున, జిల్లా కేంద్రానికి పడమర ఉంది. 2016 అక్టోబరు 11న కొత్త జిల్లాలు ఏర్పడేవరకు ఇది వరంగల్ జిల్లాలో భాగం. వరి, పత్తి, మిర్చి సాగుపై బతికే ఈ ప్రాంతంలో పాత పెంకుటింటిని ఆనుకొని కొత్తగా స్లాబు గదులు కట్టుకోవడం, వెనుకవైపు రేకుల వసారా దించుకోవడం మామూలు కాబట్టి ఒకే ఆవరణలో మూడు రకాల కట్టడాలు కలిసి కనిపిస్తాయి. పిల్లల చదువులు, దూరాన ఉన్నవారితో వీడియో కాల్స్, టీవీలో సినిమాలు అన్నీ ఇంటి నెట్ మీదే నడుస్తున్నందున వైఫై రూటర్ కూడా ఇంటి సామాన్లలో ఒకటైంది. తక్కువ ధరకు దొరికి, ఏళ్ల తరబడి నమ్మకంగా పనిచేసే రూటర్‌ను ఇక్కడి కుటుంబం ఎలా ఎంచుకోవాలన్నదే ఈ పర్యటనలో పరిశీలనకు తీసుకున్న విషయం.

రూటర్ గురించి మాట్లాడే ముందు ఇంటిదాకా వచ్చే తీగ సంగతి తెలియాలి. తెలంగాణ ప్రభుత్వం 2015లో ఫైబర్ గ్రిడ్ సంస్థను ఏర్పాటు చేసి, మిషన్ భగీరథ నీటి పైపుల కోసం తవ్విన కందకాల్లోనే ఫైబర్ కేబుళ్లు కూడా వేయించి, ఊరూరికీ నెట్ చేర్చాలని సంకల్పించింది. ఇంటికి చేరే ఫైబర్ చాలావరకు జీపాన్ అనే పద్ధతిలో పనిచేస్తుంది: ఆపరేటర్ దగ్గర మొదలైన ఒకే గాజు తీగ, స్ప్లిటర్ అనే చిన్న పరికరం ద్వారా 32 లేదా 64 శాఖలుగా చీలి ఒక్కో ఇంటికి వెళ్తుంది. ఆ తీగలో వచ్చే కాంతిని విద్యుత్ సంకేతంగా మార్చే పెట్టెను ఓఎన్‌టీ అంటారు. ఆ నెట్‌ను ఇంట్లోని ఫోన్లకు, టీవీకి గాలిలో పంచేది రూటర్. ఈ రెండు పనులనూ ఒకే పెట్టె చేసే రకాన్ని ఆపరేటర్లు ఎక్కువగా ఇస్తున్నందువల్ల ఏది చెడిందో తెలియక జనం రూటర్‌నే తప్పుపడుతుంటారు.

మండల కేంద్రంలో నెట్ కనెక్షన్లు ఇచ్చే ఒక కేబుల్ ఆపరేటర్ దుకాణంలో ఈ తేడా స్పష్టంగా తెలిసింది. బల్ల మీద తిరిగి వచ్చిన రూటర్లు, అడాప్టర్లు కుప్పగా ఉండగా, అక్కడ పనిచేసే యువకుడు ఓఎన్‌టీ మీది ఎర్ర దీపాన్ని చూపిస్తూ, "ఎర్రలైటు వచ్చిందంటే రూటర్ మార్చుడు దండుగన్నా, ముందుగాల వైరు సూడాలె" అన్నాడు. ఆ దీపం వెలిగిందంటే ఫైబర్‌లో కాంతి చేరడం లేదని అర్థం. తీగ తెగినా, మెలిక పడినా, పచ్చ ప్లగ్గు మీద దుమ్ము చేరినా అది వెలుగుతుంది. కాంతి బలాన్ని పవర్ మీటర్‌తో కొలుస్తారు. ఒక మిల్లీవాట్‌ను సున్నాగా పెట్టుకొని చెప్పే డీబీఎం అనే ఆ కొలత, జీపాన్ ఓఎన్‌టీకి మైనస్ 8కి, మైనస్ 27కు మధ్య ఉండాలి. మైనస్ 27కు దగ్గరపడేకొద్దీ నెట్ వస్తూపోతూ ఉంటుంది. 2024 సెప్టెంబరు 1న పొరుగునున్న కేసముద్రం వద్ద రైలు పట్టాల కింది కట్టనే కోసేసిన వానలు ఈ ప్రాంతం చూసింది. అలాంటి వానల్లో స్తంభాల మీది తీగ తెగితే ఎంత ఖరీదైన రూటరైనా చేయగలిగింది ఏమీ ఉండదు. కాబట్టి కొత్త రూటర్ కొనాలనుకున్నవారు ఆపరేటర్ చేత ఈ కొలత తీయించుకోవడం మొదటి పని.

తీగ బాగుందని తేలాక పరీక్షించవలసింది ఇల్లు. వైఫై రెండు తరంగ పట్టీల్లో నడుస్తుంది: 2.4 గిగాహెర్ట్జ్ పట్టీలోని తరంగం గోడలను కొంత మెరుగ్గా దాటుతుంది కానీ వేగం తక్కువ. 5 గిగాహెర్ట్జ్ పట్టీలో వేగం ఎక్కువే అయినా గోడ అడ్డం వస్తే త్వరగా బలహీనపడుతుంది. భారతదేశంలో 2.4 పట్టీని 2005లోనే లైసెన్సు లేకుండా వాడుకోనిచ్చారు, 5 పట్టీలో లైసెన్సు అక్కరలేని భాగాన్ని 2018లో బాగా విస్తరించారు. మండల కేంద్రంలో చూసిన ఒక ఇంట్లో రూటర్‌ను టీవీ వెనుక మూలకు పెట్టారు, దాని పక్కనే ఇనుప బీరువా నిలబడి ఉంది. రేకుల వసారాలోకి వెళ్లేసరికి ఫోనులో సిగ్నల్ ఒక్క గీతకు పడిపోయింది. ఇనుప రేకు, బీరువా, స్లాబులోని చువ్వలు తరంగాన్ని తిప్పికొడతాయి లేదా బలహీనపరుస్తాయి. రూటర్‌ను మధ్య గది గుమ్మం పైకి, మనిషి తలకన్నా ఎత్తుకు మార్చగానే అదే వసారాలో మాట తెగకుండా వీడియో కాల్ నడిచింది. దీనికి అయిన ఖర్చల్లా కాస్త పొడవైన తీగ, రెండు మేకులే.

స్థానం మార్చినా వెనుక గదికి సిగ్నల్ అందకపోతే, ముందు గదిలోని రూటర్ నుంచి వెనుకకు ల్యాన్ కేబుల్ లాగి, అక్కడ రెండో రూటర్‌ను యాక్సెస్ పాయింట్‌గా, అంటే వచ్చిన నెట్‌ను గాలిలోకి వదిలే పరికరంగా మాత్రమే పెట్టడం మంచిది. ఈ కేబుల్ 100 మీటర్ల వరకు పనిచేస్తుంది. ఇంట్లో మూలన పడి ఉన్న పాత రూటరైనా ఇందుకు సరిపోతుంది. గాలిలో అందుకొని గాలిలోనే మళ్లీ పంపే చవక రిపీటర్లు ఒకే పట్టీని రెండు పనులకూ వాడుకోవడం వల్ల వేగం దాదాపు సగానికి పడిపోతుంది.

ఇక దుకాణంలో పెట్టె మీద ముద్రించిన అంకెల అసలు అర్థం తెలుసుకోవడం ముఖ్యం. "ఏసీ1200" అంటే 2.4 పట్టీలో 300, 5 పట్టీలో 867 ఎంబీపీఎస్‌ను కూడి, పైకి సవరించి రాసిన సంఖ్య. ఎంబీపీఎస్ అంటే సెకనుకు పది లక్షల బిట్ల వేగం. అవి ప్రయోగశాలలో రెండు పట్టీలకూ కలిపి లెక్కగట్టిన గరిష్ఠాలు కాబట్టి ఏ ఒక్క ఫోనుకూ అంత వేగం దక్కదు. ఈ అంకె కన్నా చూడవలసింది వెనుకవైపు కేబుల్ పెట్టే పోర్టులు: ట్యాంకులో ఎన్ని నీళ్లున్నా సన్నని నల్లా నుంచి వచ్చేవి కొన్నే అయినట్టు, 100 ఎంబీపీఎస్ పోర్టున్న రూటర్‌కు 200 ఎంబీపీఎస్ ప్లాన్ తీసుకుంటే సగం డబ్బు వృథా. ఒకే సంస్థ తయారుచేసిన ఏసీ1200 తరగతి రూటర్లలోనూ ఈ తేడా ఉంటుంది. టీపీ-లింక్ ఆర్చర్ సీ50లో 100 ఎంబీపీఎస్ పోర్టులుండగా, ఆర్చర్ సీ6లో గిగాబిట్ పోర్టులున్నాయి. బయటికి కనిపించే యాంటెన్నాలు మాత్రం రెండింటికీ నాలుగే.

వైఫై తరాల పేర్లు కూడా అర్థం చేసుకోదగినవే. వైఫై అలయన్స్ 2018లో పాత సాంకేతిక నామాలకు బదులు వరుస సంఖ్యలిచ్చింది: 2009 నాటి ప్రమాణం వైఫై 4, 2013 నాటిది వైఫై 5, ఆ తర్వాతిది వైఫై 6. ఎక్కువ పరికరాలు ఒకేసారి నెట్ వాడినప్పుడు వైఫై 6 వాటికి సమయాన్ని మెరుగ్గా పంచుతుంది. అయితే టీవీలో స్పష్టమైన హెచ్‌డీ సినిమాకు 5 ఎంబీపీఎస్ చాలు. నాలుగైదు ఫోన్లు, ఒక టీవీ, 50 లేదా 100 ఎంబీపీఎస్ ప్లాన్ ఉన్న ఇంటికి రెండు పట్టీలున్న వైఫై 5 రూటర్ నిండుగా సరిపోతుంది. వైఫై 4 రకం చవకే అయినా చాలావరకు ఒక్క 2.4 పట్టీతోనే నడుస్తుంది కాబట్టి పొరుగు ఇళ్ల రూటర్లు పెరిగేకొద్దీ దాని వేగం తగ్గుతుంది. ఆ పట్టీలో ఒకదానితో ఒకటి తాకని చానళ్లు 1, 6, 11 అనే మూడే.

నమ్మకం విషయంలో పల్లెకు అసలు పరీక్ష కరెంటు. ఆ దుకాణంలోని యువకుడి అనుభవం ప్రకారం, రూటర్ చెడిపోయిందని జనం తెచ్చేవాటిలో చాలావాటికి చెడింది అడాప్టరే. వోల్టేజి ఎగుడుదిగుడులకు, మెరుపుల కాలంలో వచ్చే ఉప్పెన కరెంటుకు ముందు బలయ్యేది అదే. దాన్ని మార్చేటప్పుడు 12 వోల్టులా, 9 వోల్టులా అన్నది పాతదానితో సరిపోవాలి, ఆంపియర్లు పాతదానికి తక్కువ కాకూడదు. బీఐఎస్ ముద్ర, దానితో పాటు "ఆర్" అక్షరంతో మొదలయ్యే రిజిస్ట్రేషన్ సంఖ్య లేని అడాప్టర్‌ను కొనరాదు. రూటర్ వాడే కరెంటు పది వాట్ల అటూ ఇటూ మాత్రమే కాబట్టి, లిథియం బ్యాటరీతో నేరుగా 12 వోల్టులిచ్చే చిన్న డీసీ యూపీఎస్ కరెంటు పోయినా గంటల పాటు దాన్ని నడిపిస్తుంది. ఓఎన్‌టీ వేరుగా ఉంటే దానికీ ఆ ఆధారం ఉండాలి. ఖరీదైన రూటర్ మీద అదనంగా పెట్టే డబ్బును ఈ యూపీఎస్ మీద పెట్టడమే ఇక్కడి కుటుంబానికి ఎక్కువ మేలు.

భద్రత కూడా నమ్మకంలో భాగమే. 2016లో మిరాయ్ అనే దుష్ట ప్రోగ్రామ్, తయారీదారులు పెట్టిన పాస్‌వర్డ్‌ను మార్చని లక్షలాది కెమెరాలు, రూటర్లలోకి చొరబడి, వాటినే ఆయుధాలుగా చేసి పెద్ద వెబ్‌సైట్లను స్తంభింపజేసింది. బ్రిటన్‌లో 2024 ఏప్రిల్ 29 నుంచి అమల్లోకి వచ్చిన చట్టం, ఊహించడానికి తేలికైన తొలి పాస్‌వర్డ్‌లను నిషేధించి, భద్రతా సవరణలు ఎంతకాలం ఇస్తారో తయారీదారు ముందే ప్రకటించాలని నిర్దేశించింది. నెల్లికుదురులో కొనేవారూ ఆ ప్రశ్నే అడగవచ్చు: ఈ రూటర్‌కు సాఫ్ట్‌వేర్ సవరణలు ఇంకా వస్తున్నాయా అన్నది సంస్థ వెబ్‌సైట్‌లో మోడల్ పేరుతో చూస్తే తెలుస్తుంది. డబ్ల్యూపీఏ2 లేదా 2018లో వచ్చిన డబ్ల్యూపీఏ3 రక్షణ పెట్టుకోవాలి, బటన్ నొక్కితే కలిపే డబ్ల్యూపీఎస్ సదుపాయాన్ని ఆపివేయాలి, ఇంటి ఫోన్ నంబరును పాస్‌వర్డ్‌గా పెట్టరాదు.

ఈ పర్యటన తేల్చిన నిర్ణయం సూటిగా చెప్పదగినదే. నెల్లికుదురులోని సాధారణ కుటుంబానికి రెండు పట్టీలు, గిగాబిట్ పోర్టులు, ఇంకా సవరణలు అందుతున్న సాఫ్ట్‌వేర్ ఉన్న వైఫై 5 రూటర్ చాలు. పరికరాలు ఎక్కువుండి, ధర అందుబాటులో ఉంటే వైఫై 6 తీసుకోవచ్చు. అంతకన్నా పెద్ద అంకెల కోసం అప్పు చేయనక్కరలేదు. కొనబోయే ప్రతి కుటుంబం ముందుగా తీగలో కాంతి కొలిపించాలి, ఉన్న రూటర్‌నే ఇంటి నడుమకు మార్చి చూడాలి, అడాప్టర్‌ను పరీక్షింపజేయాలి. ఆ మూడింటి తర్వాత కూడా ఇబ్బంది తీరకపోతేనే కొత్తదానికి డబ్బు తీయాలి, తీసినప్పుడు బిల్లు, వారంటీ కాగితం అడిగి తీసుకోవాలి.