ఒక్క కాల్షీటుకు గొంతంతా

ఏటా సెప్టెంబర్‌లో ఆపిల్ కొత్త ఐఫోన్‌ను బయటికి తెస్తుంది. పేపర్లన్నీ దాని రంగు, మందం, ధర రాస్తాయి. హైదరాబాద్‌లో సినిమా వేషాల కోసం వచ్చినవాళ్లుండే కృష్ణానగర్ టీ కొట్ల దగ్గర మాత్రం ఫోన్ గురించి అడిగే ప్రశ్నలు వేరు. రాత్రిపూట గదిలో ట్యూబ్‌లైట్ కింద మొహం ఎలా పడుతోంది? పక్క గదిలో కుక్కర్ కూత పెడుతున్నా డైలాగు తేటగా వినపడుతోందా? ఎప్పటిదో పాత మోడల్ అయినా ఈ రెండు పరీక్షల్లో నెగ్గితే ఇక్కడ మంచి ఫోనే.

ఆడిషన్ ఇప్పుడు ఫోన్‌లోకి వచ్చేసింది కాబట్టి ఈ ప్రశ్నలు. ఒకప్పుడు వేషం కోసం వచ్చినవాళ్లు ఫొటోల ఆల్బమ్ చంకన పెట్టుకుని ఫిల్మ్‌నగర్, జూబ్లీహిల్స్ ఆఫీసుల చుట్టూ తిరిగేవాళ్లు. వాచ్‌మన్‌ని దాటాలి, మేనేజర్‌ని దాటాలి, అసిస్టెంట్ డైరెక్టర్ కంట పడాలి. ఇప్పుడు వాట్సాప్ గ్రూపులో ఫలానా వయసు, ఫలానా ఎత్తు, ఫలానా యాస అని కబురొస్తుంది. నిమిషం వీడియో పంపితే చాలు. కృష్ణానగర్ కష్టాలు ఎలాంటివో ‘ఖడ్గం’ (2002), ‘నేనింతే’ (2008) చూసినవాళ్లకు తెలుసు. అద్దె, ఆకలి ఎక్కడికీ పోలేదు. గేటు బయట పడిగాపులు మాత్రం చాలావరకు తగ్గాయి. ఊళ్లో ఉద్యోగం మానకుండానే ఒక అమ్మాయి ఆడిషన్ పంపగలుగుతోంది. దీన్ని నేను మనస్ఫూర్తిగా మేలనే అంటాను.

నన్ను సలహా అడిగే కుర్రాళ్లకు రెండు మాటలు చెబుతుంటాను. ఫోన్‌కి అప్పు చేయొద్దు, కాలర్‌కి పెట్టుకునే చిన్న మైకు కొనుక్కో. రెండోది, కెమెరాలో చర్మాన్ని నున్నగా చేసే ఫిల్టర్ ఆపెయ్. చాలా ఫోన్లలో అది దానంతటదే పనిచేస్తూ ఉంటుంది, మచ్చనీ ముడతనీ తుడిచేస్తుంది. ‘కేరాఫ్ కంచరపాలెం’ (2018) తీసిన వెంకటేశ్ మహా విశాఖలోని ఆ పేట మనుషులనే నటులుగా పెట్టుకున్నాడు. ‘బలగం’ (2023)లో పల్లె మొహాలు పల్లె మొహాల్లాగే ఉన్నాయి కాబట్టే జనం ఏడ్చారు. నటుడికి మొహమే పెట్టుబడి. దాన్ని చెరిపేసే సౌకర్యం సౌకర్యం కాదు.

మామూలు జనం కొనుక్కునే పరికరాలు తెలుగు సినిమాకు చేసిన ఉపకారం చిన్నది కాదు. 2011లో రామ్‌గోపాల్ వర్మ ‘దొంగల ముఠా’ని కానన్ 5డి కెమెరాలతో, చిన్న బృందంతో ఐదు రోజుల్లో తీశాడు. అది ఫొటోగ్రాఫర్లు పెళ్లిళ్లకు పట్టుకెళ్లే కెమెరా. సినిమా ఎలా ఉందన్నది పక్కన పెడితే, ఆ కెమెరాతో తెర మీదికి రావచ్చని ఎందరికో తెలిసింది. యూట్యూబ్ షార్ట్ ఫిల్ములు వరద కట్టాయి. ఆ దారిలో వచ్చిన తరుణ్ భాస్కర్ 2016లో ‘పెళ్లిచూపులు’ తీశాడు. అందులో చాలా మాటలు షూటింగ్‌లో నటులు పలికినవి పలికినట్టే వినిపిస్తాయి. అదే ఏడు సెప్టెంబర్‌లో జియో వచ్చింది, డేటా చవకైంది. అప్పటిదాకా ఒక షార్ట్ ఫిల్ము చూడాలంటే లెక్క చూసుకున్నవాళ్లు లెక్క మానేశారు.

ఇంతవరకూ నాకు ఏ ఫిర్యాదూ లేదు. నా గుబులంతా గొంతు గురించి.

2023 నవంబర్‌లో నటి రష్మిక మొహాన్ని వేరే అమ్మాయి శరీరానికి అతికించిన వీడియో దేశమంతా తిరిగింది. రెండు నెలల తర్వాత ఢిల్లీ పోలీసులు పట్టుకున్నది మన గుంటూరు జిల్లా కుర్రాణ్ణి. ఆమె పేరుతో నడుపుతున్న అభిమాన పేజీకి జనాన్ని పెంచుకోవడానికే చేశాడని పోలీసులు చెప్పారు. అభిమానం ఆ దారి పట్టడం నాకిప్పటికీ మింగుడుపడదు. ఇలాంటి వాడకాన్ని ఆపమని 2025 సెప్టెంబర్‌లో నాగార్జున ఢిల్లీ హైకోర్టుకు వెళ్లారు. అదే నెలలో చిరంజీవి హైదరాబాద్ సిటీ సివిల్ కోర్టు నుంచి తన పేరు, రూపం, గొంతు అనుమతి లేకుండా వాడరాదని ఉత్తర్వు తెచ్చుకున్నారు. ఈ వార్తలు చదివి నేను సంతోషించాను. పెద్దవాళ్లు తలుపు తీస్తే చిన్నవాళ్లకూ దారి పడుతుంది. కానీ కోర్టుకెళ్లాలంటే లాయరు కావాలి, ఖర్చు భరించాలి, ఈ గొంతు ఫలానావారిదని జడ్జిగారు గుర్తుపట్టాలి. గుర్తుపట్టలేని గొంతులు కృష్ణానగర్‌లో వందలున్నాయి.

మొహాన్నీ గొంతునూ విడదీసి వాడుకోవడం మనకు కొత్త కాదు. సుమన్‌కీ రాజశేఖర్‌కీ ఎన్నో సినిమాల్లో పలికింది ఒక్క సాయికుమారే. కమల్‌హాసన్ తెలుగులో మాట్లాడితే మనం విన్నది గాయకుడు ఎస్పీ బాలసుబ్రహ్మణ్యాన్ని. ‘ఏ మాయ చేశావే’ (2010)లో సమంతకు చిన్మయి. ‘అరుంధతి’ (2009)లో సోనూ సూద్‌కు గొంతిచ్చిన రవిశంకర్‌ని ఆ తర్వాత జనం బొమ్మాళి రవిశంకర్ అనే పిలిచారు. నంది అవార్డుల్లో డబ్బింగ్ కళాకారులకు విడిగా బహుమతి ఉండేది. గొంతు కూడా నటనేనని ఎప్పుడో ఒప్పుకున్న జాతి మనది.

వీళ్లకు పేరైనా దక్కింది. పెళ్లి పందిట్లో గుసగుసలు, బస్సులో కండక్టర్ కేక, కూరగాయల అంగట్లో బేరం, ఊరేగింపులో జేజేలు ఎవరివి? తెర మీద నోరు కదిపేది ఒకరు. పలికేది డబ్బింగ్ థియేటర్‌లో మైకు చుట్టూ నిలబడ్డ నలుగురైదుగురు. వాళ్లలో ఒకామె పొద్దున ముసలమ్మ, మధ్యాహ్నం పసిపిల్ల, సాయంత్రం సీరియల్‌లో అత్తగారు. నాకు ఈ పనిలో ఉన్నవాళ్ల మీద అపారమైన గౌరవం. దగ్గాల్సిన చోట దగ్గి, ఏడవాల్సిన చోట ఏడ్చి, ఓచర్ మీద సంతకం పెట్టి డబ్బు తీసుకుని వెళ్లిపోతారు. మరుసటి వారం థియేటర్‌లో ఆ ఏడుపుకు మన కళ్లు చెమరుస్తాయి.

ఇప్పుడు కొద్ది నిమిషాల రికార్డింగ్ ఉంటే చాలు, ఆ గొంతుకు నమూనా తయారు చేయొచ్చు. ఆ నమూనా చేత ఆమె ఎన్నడూ పలకని మాటలు పలికించొచ్చు. యంత్రానికి ప్రాణం ఉండదు, జనం ఒప్పుకోరు అని ధైర్యం చెప్పేవాళ్లున్నారు. నాకు ఆ ధైర్యం చాలదు. యంత్రం బాగుపడుతుంది, యాస నేర్చుకుంటుంది, దగ్గు కూడా నేర్చుకుంటుంది. అది బాగా పలకలేదన్న వాదన మీద నిలబడితే, బాగా పలికిన రోజున మన కాళ్ల కింద ఏమీ మిగలదు. నిలబడాల్సింది హక్కు మీద.

దీనికి మన దగ్గరే ఉదాహరణ ఉంది. 2023లో వచ్చిన ‘కీడా కోలా’లో అప్పటికి మూడేళ్ల కిందట కన్నుమూసిన బాలసుబ్రహ్మణ్యం గొంతును కృత్రిమ మేధతో మళ్లీ పలికించారు. తమను అడగలేదంటూ ఆయన కొడుకు చరణ్ 2024 మొదట్లో లీగల్ నోటీసు పంపారు. దర్శకుడు తరుణ్ భాస్కర్. నాకు ఇష్టమైన దర్శకుల్లో ఒకడు, బాలు మీద ప్రేమతోనే చేసి ఉంటాడని నమ్ముతాను. అయినా ఈ విషయంలో నేను చరణ్ పక్షమే. ఇంచుమించు అదే రోజుల్లో ఎ.ఆర్.రెహమాన్ తమిళ ‘లాల్ సలామ్’ పాటలో చనిపోయిన గాయకులు బంబా బాక్యా, షాహుల్ హమీద్ గొంతులను ఇదే పద్ధతిలో వాడారు. కుటుంబాల అనుమతి తీసుకున్నామని, పారితోషికం ఇచ్చామని ఆయనే ప్రకటించారు. ఒకే సాంకేతికత, రెండు మర్యాదలు.

చట్టం ఏమంటోందని చూస్తే నా గుండె జారింది. కాపీరైట్ చట్టానికి 2012లో చేసిన సవరణ నటులకూ గాయకులకూ మంచి హక్కులే ఇచ్చింది. అందులోనే ఒక మినహాయింపు ఉంది. సినిమాలో అలా వచ్చి ఇలా వెళ్లే చిన్న పని చేసి, పరిశ్రమ ఆనవాయితీ ప్రకారం టైటిల్స్‌లో పేరు పడని మనిషిని కళాకారుడిగా లెక్కించరు. పరువు పోయేలా తన పనిని వక్రీకరిస్తే అడ్డుకునే హక్కు ఒక్కటే మిగులుతుంది. తెల్లవారకముందే కృష్ణానగర్ రోడ్డు మీద వ్యాన్ కోసం నిలబడే జూనియర్ ఆర్టిస్టులలో ఎంతమంది పేర్లు టైటిల్స్‌లో పడతాయి? గుంపులో అరిచిన గొంతుల పేర్లు ఎవరు వేస్తారు?

అందుకే పేరు వేయమని అడుగుతున్నాను. రీలు మీద ఒక్కో అడుగుకీ ఖర్చయిన రోజుల్లో పేర్లు కుదించారంటే అర్థముంది. డిజిటల్ కాపీలో చివర నూరు పేర్లు ఎక్కించడానికి పైసా ఖర్చు లేదు. జనం లేచి వెళ్లిపోతారంటారా, వెళ్లనివ్వండి. ఆ వరుసలో పేరుండటం గుంపులో గొంతిచ్చినామెకు చట్టంలో చోటు.

హాలీవుడ్ నటులు 2023లో 118 రోజులు సమ్మె చేసి సాధించుకున్న వాటిలో ఇదీ ఒకటి: మనిషికి డిజిటల్ నకలు తయారు చేయాలంటే ముందు అతని సమ్మతి కావాలి, దానికి డబ్బు ఇవ్వాలి. గుంపులో నిలబడే నటులకూ అది వర్తిస్తుంది. మన దగ్గర 2025 ఆగస్టులో సినీ కార్మికులు కూలిలో 30 శాతం పెంపు కోరుతూ షూటింగులు ఆపారు. రెండున్నర వారాల తర్వాత, మూడేళ్లలో విడతలుగా 22.5 శాతం దగ్గర రాజీ కుదిరింది. కూలి పెరగడం న్యాయం, అవసరం. అయితే ఆ రోజుల్లో నేను చదివిన వార్తలన్నీ రోజుకూలి చుట్టూ, కాల్షీట్ల చుట్టూ తిరిగాయి. గొంతు మాట నా కంట పడలేదు.

మూడేళ్లు గడిస్తే మళ్లీ బేరం మొదలవుతుంది. అప్పటిదాకా ఆగనక్కర్లేదు. ఏ డబ్బింగ్ థియేటర్‌లోనైనా రేపటి నుంచే ఓచర్ మీద ఒక వాక్యం చేర్చొచ్చు: ఈ రికార్డింగ్ ఈ సినిమాకు మాత్రమే, దీంతో గొంతు నమూనా తయారు చేయాలంటే విడిగా అనుమతి, విడిగా డబ్బు. అచ్చేసిన ఓచర్‌లో ఆ మాట లేకపోతే, అమ్మా, సంతకానికి పైన మీ చేత్తోనే రాయండి. తర్వాత ఫోన్ తీసి ఆ కాగితాన్ని ఫొటో తీసుకుని దాచుకోండి.