యూరియా సంచి, మా మేక



మీలో చాలామంది ఇండ్లలో పిల్లియో, కుక్కయో, కుందేలో ఉన్నదని నాకు తెలియును. తరగతిలో పాఠముకంటె వాటి ముచ్చటలే మీరు ఎక్కువగా చెప్పుచుందురు! మా ఇంట మేక ఉండెడిది.

నేను పెరాక్ రాష్ట్రమున, బగాన్ దాతో ప్రాంతపు తోటలో పుట్టితిని. చెట్లకు ఎరువు చల్లుట మా అమ్మ పని. ఖాళీ సంచులను ఇంటికి తెచ్చి, కడిగి, నేలపై పరచుకొనెడివారము. నాకప్పుడు తొమ్మిదేండ్లు. ఒక సాయంకాలము యూరియా సంచిని బక్కెట్టులో నానబెట్టి, ఆ నీటిని పారబోయక ఆటకు పరుగెత్తితిని. తిరిగి వచ్చుసరికి బక్కెట్టు సగము ఖాళీ. మేక కడుపు ఉబ్బి, నోట నురుగు కారుచు, వణకుచు పడియుండెను. చీకటి పడకముందే చచ్చెను. అమ్మ నన్ను కొట్టలేదు. కొట్టినచో బాగుండునని నాకు తోచెను.

కారణము నాకు ఉపాధ్యాయ శిక్షణ పొందునాటికి గాని తెలియలేదు. మేక, ఆవు వంటి నెమరువేయు జంతువుల కడుపులోని సూక్ష్మజీవులు యూరియాను వేగముగా అమ్మోనియాగా మార్చును. అది రక్తములో మితిమీరి చేరినచో ప్రాణము తీయును.

ఇప్పుడు మన ఇండ్లముందు మేకలు లేవు, పచ్చిక ఉన్నది. ఎరువు చల్లిన పచ్చికపై నడచిన పిల్లి తన పాదములను నాకుకొనును. కుక్క సంగతి వేరు. ఎముకల పొడి, చేపల పొడి కలిసిన ఎరువు వాసన దానికి విందుభోజనమే! ఎక్కువగా తిన్నచో ఎముకల పొడి కడుపులో ముద్దకట్టును. ఆముదపు పిండి ఇంకను ప్రమాదకరము. అది మన పూర్వుల ఊళ్ళలో పొలములకు వేయు మంచి ఎరువే. కాని తగినంత వేడిచేయనిచో అందు రిసిన్ అను విషము మిగులును. సంచిపై 'సహజము' అని వ్రాసియున్నంత మాత్రమున నమ్మకుడు.

మీ నాన్నగారు ఎరువు చల్లునాడు పిల్లిని, కుక్కను లోపల ఉంచుడు. గుళికలు మట్టిలో ఇంకునట్లు నీరు పెట్టి, పచ్చిక బాగుగా ఆరిన పిదప, సంచిపై చెప్పిన గడువు ముగిసిన పిదపనే వదలుడు. మధ్యాహ్నపు వానకు గుంటలలో నిలిచిన నీటిని త్రాగనీయకుడు. పాదములకు గుళికలు అంటినచో నీటితో కడుగుడు. వాంతులో, వణకో కనబడినచో వెంటనే పశువైద్యుని యొద్దకు పోవలెను. ఎరువు సంచినికూడ తీసికొనిపొండు, తిన్నదేమో దానిపైననే వ్రాసియుండును.

సంచి కడిగిన నీటిని పారబోయు పని నేను నేటికిని మా ఇంట మరొకరికి అప్పగింపను.