బొమ్మకి తల ఉండాలి

ఇప్పటి సినిమాల్లో మాల్ సీను వచ్చిందంటే నాకు ఒళ్లు మండుతుంది. అవే అద్దాలు, అవే ఎస్కలేటర్లు, చేతుల్లో అవే కాగితం సంచులు. అది హైదరాబాదో దుబాయో తీసినవాళ్లకైనా గుర్తుంటుందో లేదో! అందుకే, ఎవరెంత తిట్టినా 1987లో వచ్చిన ‘మ్యానెకిన్’ నాకిష్టం. షోకేసు బొమ్మకి రాత్రిళ్లు ప్రాణం వస్తుంది, షోకేసులు అలంకరించే కుర్రాడితో ప్రేమలో పడుతుంది. నవ్వకండి. సాలభంజికల చేత భోజరాజుకి కథలు చెప్పించిన వాళ్లం మనం.

విమర్శకులు ఆ సినిమాని ఉతికి ఆరేశారు. వాళ్లు కథ చూశారు, నేను కొట్టు చూశాను. తెర మీద దాని పేరు ప్రిన్స్ అండ్ కంపెనీ గానీ, నిజానికి అది ఫిలడెల్ఫియాలోని వానమేకర్స్. 1911లో ప్రెసిడెంట్ టాఫ్ట్ స్వయంగా వచ్చి ప్రారంభించిన పన్నెండంతస్తుల భవనం. నడి హాల్లో పెద్ద కంచు గద్ద, పైన 28 వేలకు పైగా గొట్టాలున్న ఆర్గన్. రెండూ 1904 సెయింట్ లూయిస్ ఎగ్జిబిషన్‌లో పెట్టినవే. చీరల కొట్లో రోజూ సన్నాయి కచేరీ పెట్టించినట్టన్నమాట! అలాంటి హాలు ఎంత ఖర్చుపెట్టి సెట్టేసినా రాదు. ‘బ్లో అవుట్’ (1981)లో హీరో జీపు వచ్చి గుద్దుకునేదీ ఈ కొట్టు షోకేసునే. తర్వాత చేతులు మారి మేసీస్ అయింది, 2025 మార్చిలో అదీ మూతపడింది.

‘మ్యానెకిన్’ కోసం హీరోయిన్ కిమ్ కాట్రాల్ ఆరు వారాలు శిల్పి ముందు కూర్చుందట. ఆరు బొమ్మలు చేశారు, ఒక్కోదాని ముఖంలో ఒక్కో భావం. ముఖమంటే అంత పట్టింపు!

మా ఊరి బట్టల కొట్లోనూ ఒక బొమ్మ ఉండేది. ముక్కు కొసన పెచ్చు ఊడి లోపలి సున్నం కనబడేది. గుమాస్తా రోజూ దానికి బొట్టుబిళ్ల మార్చి, కుచ్చిళ్లకి గుండుసూదులు గుచ్చేవాడు. మా అమ్మ ఎప్పుడూ చీర రంగు చెప్పి అడిగేది కాదు. ‘ఆ పిల్ల కట్టుకుందే, అది తియ్యి నాయనా’ అనేది. ఇప్పుడు బొమ్మలన్నీ మెడ దాకానే. తల లేకపోతే చూపంతా బట్ట మీదే ఉంటుందని ఒక షాపాయన నాకు బోధించాడు. మొండేనికి చుట్టిన పెళ్లిపట్టు ఎవరికి కొనబుద్ధేస్తుంది?

షాపుల వాళ్లూ, ఈ దసరాకి డిస్కౌంటు ఇవ్వకపోయినా ఫర్వాలేదు, ఆ బొమ్మలకి తలలు పెట్టించండి.