ఏటూరునాగారంలో రెండు రోజులు

కార్తీకమాసం చివర పిల్లలకు సెలవులు కలిసివచ్చాయి. "ఈసారి హోటలు గదులు వద్దు. గోదావరి ఇసుకలో ఆరుబయట పడుకుందాం," అన్నాను. మా ఆవిడ నన్ను ఎగాదిగా చూచింది. ఐనా చాపలు, దుప్పట్లు, వంటసామాను అన్నీ అద్దె వ్యానులోకి ఎక్కించింది.

"అమెరికాలో పొయ్యి, పడకా అన్నీ బండిలోనే ఉంటాయట నాన్నా!" అన్నాడు మావాడు.

"మనకీ అన్నీ బండిలోనే ఉన్నాయి. దింపుకోవాలి, అంతే తేడా!" అన్నాను.

వరంగల్లు నుంచి ఏటూరునాగారం సుమారు 100 కిలోమీటర్లు. ఒకప్పుడు వరంగల్లు జిల్లాలోదే. 2019 నుంచి ములుగు జిల్లాలో ఉంది. ములుగు, పస్రా దాటితే ఇక అడవే. టేకు, మద్ది, తునికి, ఇప్ప చెట్లు దారికి రెండువైపులా తోడు వస్తాయి. 1950ల తొలినాళ్ళలోనే నాటి హైదరాబాదు ప్రభుత్వం ఈ అడవిని వన్యమృగాల రక్షణకు ప్రత్యేకించింది.

తాడ్వాయిలో అటవీశాఖవారి కుటీరాలున్నాయి. "ఎందుకైనా మంచిది" అని మా ఆవిడ ముందే ఒకటి మాట్లాడి ఉంచింది. సామాను కొంత అక్కడ దించి, మేడారం దారిలో కొంతదూరం వెళ్ళాము. 2024 ఆగస్టు 31 సాయంత్రం వీచిన పెనుగాలికి ఈ ప్రాంతంలో దాదాపు 50 వేల చెట్లు నేలకూలాయి. అంతవరకూ కబుర్లు చెబుతున్న పిల్లలు ఆ ఖాళీ జాగా చూచి నోరు మెదపలేదు.

మధ్యాహ్నానికి గోదావరి చేరుకున్నాము. ముల్లకట్ట వద్ద పెద్ద వంతెన ఉంది. అది దాటితే వాజేడు, బొగత జలపాతం. మేము ఇవతలి ఒడ్డునే ఇసుకలో మూడు రాళ్ళు పెట్టి పొయ్యి వెలిగించాము. గుత్తివంకాయ కూర, పప్పుచారు. అంత రుచి మా ఇంట్లో నేనెన్నడూ ఎరుగను. ఆ మాట పైకి అనలేదు లెండి!

చీకటి పడుతుండగా చాపలు పరుస్తుంటే మేకలు తోలుకుపోయే ముసలాయన ఒకడు ఆగాడు.

"ఇసుకల పండుకోకుండ్రి సారూ! పొద్దుగూకినంక ఇది గోదారి జాగ. పైన బరాజు గేట్లు లేపితే నీళ్ళెప్పుడొస్తయో ఎవలకెరుక?"

ఎగువన తుపాకులగూడెంలో సమ్మక్క బరాజు ఉన్నమాట నాకు తెలుసు. కాని దాన్ని ఈ ఇసుకతో ముడిపెట్టి ఆలోచించలేదు. నీరు ఎక్కడో దూరంగా, సన్నగా, సాధువులా పారుతున్నది. "ఏం కాదులే," అనబోయాను. మా ఆవిడ అప్పటికే చాపలు చుట్టేసింది!

ఆ రాత్రి కుటీరంలో కీచురాళ్ళ రొద వింటూ నిద్రపోయాము. నాకు మాత్రం కాస్త చిన్నతనంగానే ఉంది.

తెల్లవారి స్నానాలకని మళ్ళీ నది ఒడ్డుకు వెళ్ళాము. మా పొయ్యిరాళ్ళు కనబడలేదు. చాపలు పరిచినచోట మోకాలిలోతు నీరు చప్పుడు లేకుండా పారుతున్నది.

మా చిన్నది నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. మా ఆవిడ ఏమీ అనలేదు. నేను ఆ ముసలాయన కోసం ఒడ్డంతా వెదికాను. మేకల అడుగుజాడలు మాత్రం గట్టుమీద, నీటికి ఎంతో ఎత్తున కనిపించాయి.